పటము విప్పి చెప్పిన పాఠము

అక్షరము రాని బిడ్డకు కథ చెప్పుటకు బొమ్మను మించిన సాధనము లేదు. అయినను ప్రొటెస్టంటు సమాజమున బొమ్మకు సులభముగా చోటు దొరకలేదు. విగ్రహారాధనకు దారితీయునను శంకతో 1524లో జ్యూరిక్ నగరపు దేవాలయములనుండి చిత్రములను తొలగించిరి. జర్మనీలో లూథరు మాత్రము, పూజించుట కూడదు గాని చూచి జ్ఞాపకముంచుకొనుట మంచిదే యనెను. 1529లో తన ప్రార్థనల పుస్తకమునకు, ముఖ్యముగా పిల్లలకొరకు, పామరులకొరకు, చెక్క అచ్చు బొమ్మల భాగమొకటి చేర్చెను.

19వ శతాబ్దమున రాతి అచ్చు వ్యాపించి రంగుల బొమ్మలు చౌకయయ్యెను. అమెరికాలో ఆదివారపు బడులకై మూడు మాసములకొక పటముల చుట్టను, వారమునకొక పటము చొప్పున, అచ్చువేసెడివారు. అదే బొమ్మ చిన్న కార్డుపై వచ్చెడిది. దాని వెనుక పాఠముండెడిది. అచట వాడిన చుట్టలు మిషనరీలద్వారా మన తెలుగు పల్లెలకును చేరెను.

చుట్టను విప్పి కథ చెప్పుట మన పల్లెలకు క్రొత్త గాదు. తెలంగాణమున కూనపులివారు పద్మశాలీలకు మార్కండేయ పురాణమును, డక్కలివారు మాదిగలకు జాంబపురాణమును పటము చూపియే చెప్పుదురు. చేర్యాల నకాషీ చిత్రకారులు అట్టి పటములు వ్రాయుటలో ప్రసిద్ధులు. క్రైస్తవమును స్వీకరించినవారిలో మాలలు, మాదిగలు పెక్కుమంది. కావున బోధకుడు చుట్టను విప్పినపుడు కథ క్రొత్తదైనను, చెప్పు తీరు వారెరిగినదే.

భేదమొక్కటి కలదు. నకాషీ పటములోని మనుష్యులు మన మనుష్యులు. అచ్చుపటములోనివారు తెల్లని మేనిచాయవారు. పసిమనస్సున నాటిన రూపము తేలికగా చెరగదు. యేసు పాలస్తీనా దేశపు యూదుడని, బొమ్మ చిత్రకారుని ఊహయేగాని ఛాయాచిత్రము గాదని చెప్పవలసినవాడు బోధకుడే. అతడు చెప్పనిచో దేవుడును దొరల జాతివాడేయని బిడ్డ తలపోయును.

పాశమైలారమునకు ఉత్తరముగా మెదకులో, 1924 డిసెంబరు 25న ప్రారంభమైన దేవాలయమున, ఆంగ్ల చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ రూపొందించిన రంగుటద్దపు కిటికీలు గలవు. క్రీస్తు జననము, సిలువ, ఆరోహణము వానిలో కనబడును. వెలుపలి వెలుగు సోకినగాని ఆ బొమ్మలు పలుకవు. కాగితపు బొమ్మకు ఆ వెలుగు చెప్పువాని మాటయే.

మీ ఇంటి పెట్టెలో అట్టి పాత కార్డులున్నచో పారవేయకుడు. పెద్దలచేత వాని కథ చెప్పించి పిల్లలకు వినిపింపుడు. కార్డు నిలిచియున్నను, చెప్పు గొంతు ఎల్లకాలము నిలువదు గదా!