గండికోట అంచున కొంత నడక

కొండను నది కోసుకొని పోయిన ఇరుకు మార్గాన్ని తెలుగువారు గండి అంటారు. కడప ప్రాంతంలో జమ్మలమడుగుకు సుమారు 15 కిలోమీటర్ల దూరాన ఎర్రమల కొండలను పెన్నా నది ఆ విధంగానే చీల్చుకొని ప్రవహిస్తోంది. ఆ గండి ఒడ్డున వెలసినందువల్లనే అది గండికోట అయింది.

గత శీతకాలంలో మా మద్రసా ఉపాధ్యాయుల కుటుంబాలతో కలిసి మేము అక్కడికి వెళ్ళాము. జుహర్ నమాజు జమ్మలమడుగులోనే ముగించుకున్నాము. కోటలోపల జామియా మసీదు, దాని చెంతనే విశాలమైన ధాన్యాగారం, కొంత దూరంలో మాధవరాయస్వామి ఆలయ గోపురం కనిపిస్తాయి. గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షా సేనాని మీర్ జుమ్లా 1650లో ఈ కోటను జయించాడు. 1652లో ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియర్ అతనిని ఇక్కడే కలుసుకున్నాడు. చరిత్ర మన పిల్లలకు రాజుల పేర్ల పట్టికగానే అందుతున్నది. ఆ మసీదు గోడను తాకి చూసిన బాలుడికి ఆ సంవత్సరం మరి మరపునకు రాదు.

మసీదు దాటిన పిమ్మట బాట కొద్దిసేపటి నడకే. అయితే అది బాట అనడం కంటే బండల వరుస అనడం సబబు. అడుగు చూసి వేయాలి. హఠాత్తుగా ముందున్న నేల అంతమవుతుంది. దిగువన, దాదాపు మూడు వందల అడుగుల లోతులో, పెన్నా నీరు. ఎదుట ఇటుకలు పేర్చినట్లు పొరలు పొరలుగా ఎర్రని రాతిగోడ. పర్వతాలలోని తెల్లని, ఎర్రని, నల్లని చారలను గురించి సూరా ఫాతిర్‌లో ఉన్న ప్రస్తావనను పాఠంగా ఎన్నోసార్లు బోధించాము. అక్కడ నిలబడి మేము ఏమీ బోధించలేదు.

ఒక విషయం గట్టిగా చెప్పవలసి ఉన్నది. ఆ రాయి నిలువు పగుళ్ళతో దిమ్మెలుగా విడిపోయి ఉంటుంది. పైనుండి దృఢంగా కనిపించే పలకకు కింద ఆధారం ఉన్నదో లేదో నిలుచున్నవానికి తెలియదు. మా విద్యార్థి ఒకడు ఫోటో కోసం చివరి బండ మీదికి పోబోయాడు. "హజ్రత్, ఒక్క నిమిషమే" అన్నాడు. చేయి పట్టి వెనక్కి తెచ్చాము. వాడు సాయంత్రం వరకు అలిగి కూర్చున్నాడు, కూర్చోనీ. ప్రాణం అల్లాహ్ అప్పగించిన అమానతు, ఫోటోకు వెల కాదు.

మా సహోపాధ్యాయుని తల్లిగారికి మోకాళ్ళ నొప్పి. ఇటువంటి చోట్లకు వృద్ధులెందుకు, స్త్రీలెందుకు అని ఇంటివద్దనే కొందరు అభ్యంతరం చెప్పారు. ఆ మాట మాకు నచ్చలేదు. కోడలి భుజం పట్టుకొని, నాలుగు చోట్ల ఆగి, ఆమె అంచుకు పది అడుగుల ఇవతల ఒక చదునైన బండ మీద కూర్చున్నారు. "నా పుట్టిల్లు ప్రొద్దుటూరే బేటా, అరవై ఏళ్ళలో ఎవరూ తీసుకురాలేదు" అన్నారు.

అస్ర్ వేళ దాటితే బండల మధ్య నీడలు ముదిరి కాలు జారే ప్రమాదముంది. అందుచేత వెలుతురుండగానే తిరుగుముఖం పట్టాము. ఆమె మాత్రం మరికొంతసేపు అని అడిగారు. ఇచ్చాము.