తాళములో మౌనము

గుంటూరు, ప్రకాశం జిల్లాల పల్లెలలో పెండ్లి పందిరి వేసిన ఇంట సన్నాయి, డోలు మ్రోగుట పరిపాటి. ఈ సీమ నాదస్వర విద్వాంసులకు పుట్టినిల్లు. ఒంగోలు చేరువనున్న కరవదిలో 1924లో జన్మించిన షేక్ చినమౌలానా సాహెబుగారు నాదస్వర వాదనమున గొప్ప కీర్తి గడించి, 1998లో మదరాసు సంగీత అకాడమీవారి ‘సంగీత కళానిధి’ బిరుదమును పొందిరి. ఆ నాదస్వరము ప్రక్కన నిలిచి లయను కాపాడునది డోలు. గాత్ర కచేరీలలో ఆ పనిని మృదంగము చేయును.

కీర్తనలో ఒక భాగము ముగిసి మరల పల్లవిని అందుకొను తరుణమున డోలు విద్వాంసుడు ఒక చిన్న జతిని మూడుమారులు వాయించును. దీనినే ముక్తాయింపు అందురు. వినువారికి దెబ్బల వేగమే ఆశ్చర్యము గొలుపును. కాని నేర్చుకొనువానికి కష్టమైనది దెబ్బ కాదు. దెబ్బకును దెబ్బకును నడుమనుండు విరామము.

అది ఎట్లో లెక్క వేసి చూతము. ఆదితాళమునకు ఎనిమిది క్రియలు. మొదట ఒక దెబ్బ, మూడు వ్రేళ్ల లెక్క. పిమ్మట దెబ్బ, విసురు. మరల దెబ్బ, విసురు. క్రియ ఒక్కింటికి నాలుగు అక్షరముల చొప్పున ఆవర్తమునకు 32 అక్షరములు. ఆవర్తపు తొలి దెబ్బకు సమము అని పేరు. మన ఉదాహరణములో పల్లవి సమముననే ఆరంభమగు ననుకొందము.

“త ధి గి ణ తొం” అనునది ఐదక్షరముల జతి. మూడుమారులు పలికిన 15 అగును. ఐదవ క్రియ మొదలు ఆవర్తము తుదివరకు గల అక్షరములు 16. విద్యార్థి తొందరపడి ఐదవ క్రియతోనే జతి నెత్తుకొన్నచో, సమమునకు ఒక్క అక్షరము ముందే ముక్తాయింపు ముగిసిపోవును. అట్లుగాక తొలి అక్షరమును మౌనముగా విడిచి, రెండవ అక్షరమున ఎత్తుకొన్నచో, కడపటి “తొం” వెంటనే సమమున పల్లవి వచ్చి కలియును.

ఇక జతి లోపలనే మౌనమును చేర్చి చూతము. గీత యున్నచోట ఒక అక్షరకాలము ఊరకుండవలెను. “త ధి – గి ణ తొం” ఆరక్షరములు. “త – ధి – గి ణ తొం” ఏడు. “త – ధి – గి – ణ – తొం” తొమ్మిది. మూడింటను దెబ్బలు ఐదే. పెరిగినది మౌనము మాత్రమే! ఆరక్షరముల జతిని మూడుమారులు వాయించిన 18 అగును. ఒక జతికిని మరియొక జతికిని నడుమ మూడేసి అక్షరములు ఆగినచో, ఆ రెండు విరామములును కలిసి మొత్తము 24. అనగా సరిగా ఆరు క్రియలు. కావున మూడవ క్రియతో ఆరంభించినచో సమమునకు సరిపోవును.

మన రైతు మిరప నారు నాటుటకు ముందు చేనిలో నిలువుగను అడ్డముగను అచ్చు తోలును. గీతలు కలిసినచోట మొక్క నాటును. నడుమ నేల వ్యర్థమని ఎవ్వరును తలపరు. ఆ ఎడమే పైరుకు గాలిని, వెలుతురును ఇచ్చును. జతిలోని విరామమును అట్టిదే.

అయినను చేతికి పని లేనపుడు మనస్సు పరుగెత్తును. విద్యార్థి మూడక్షరములు ఆగవలసినచోట రెండే ఆగును. దానితో ముక్తాయింపు ముందు ముగియును, పాడువాడు తడబడును. ఒక్కని తొందర మేళమునంతను చెడగొట్టును.

దీనికి సాధన యేమి? మొదట వాద్యమును ముట్టరాదు. చేతితో తాళము వేయుచు, నోట జతిని మెల్లగా పలుకవలెను. విరామమున పెదవులు మూసికొనవలెను గాని చేయి ఆగరాదు. అక్షరములను మనసులో లెక్కించుచుండవలెను. ఇద్దరు కూడి ఒకరు తాళము వేయగా, వేరొకరు జతి పలికినచో తప్పు వెంటనే తెలియును. నాలుకకు వచ్చిన పిదపనే చేతికి రావలెను; విళంబమున కుదిరిన పిదపనే వేగము పెంచవలెను.

ఈమారు పెండ్లి పందిటిలో డోలు మ్రోగునపుడు మీరును తొడపై తాళము వేయుచు వినుడు. దెబ్బ ఎచ్చట పడినదో అందరును విందురు. ఎచ్చట పడలేదో గుర్తింపగలిగిన నాడు మీకు లయ తెలిసినట్లే.