ఒక్క డాలరు టైమ్‌షేర్

ఆర్లాండో రిసార్టులో ఏటా ఒక వారం గది వాడుకునే టైమ్‌షేర్, ఈబే వేలంలో ఒక్క డాలరుకే. చూడగానే మోసమనిపిస్తుంది గానీ, ఆ ధర చాలాసార్లు నిజమే. డిస్నీ టికెట్లు చవగ్గా ఇస్తామంటే టైమ్‌షేర్ అమ్మే ప్రెజెంటేషన్‌కు వెళ్లి, 20,000 డాలర్లు పోసి కొన్నవాళ్లలో మన తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. వాడినా వాడకపోయినా ఏటా మెయింటెనెన్స్ ఫీజు కట్టాలి. అది వెయ్యి డాలర్లు దాటడం మామూలే. వదిలించుకుంటే చాలనుకునేవాళ్లకు డాలరైనా ఎక్కువే.

అసలు చిక్కు పాట ముగిశాక మొదలవుతుంది. ఫ్లోరిడాలో డీడ్ (యాజమాన్య పత్రం) ఉన్న టైమ్‌షేర్ స్థిరాస్తి కిందే లెక్క. కొత్త డీడ్ కౌంటీ రికార్డుల్లోకి ఎక్కాలి. ఆ తర్వాత రిసార్టు తన పుస్తకాల్లో పేరు మార్చాలి. ఈ రెండోది ఆగిపోతే బిల్లులు పాత యజమానికే వస్తుంటాయి. తాను అమ్మేశానని ధీమాగా ఉన్నవాడికి ఏడాది తర్వాత వసూలు ఏజెన్సీ ఫోన్ చేస్తుంది.

మధ్యవర్తి కంపెనీలు దూరేది ఇక్కడే. టైమ్‌షేర్ వదిలిస్తామని యజమాని దగ్గర వేల డాలర్లు ముందే పుచ్చుకుంటాయి, పవర్ ఆఫ్ అటార్నీ రాయించుకుంటాయి, ఆ టైమ్‌షేర్‌నే వేలానికి పెడతాయి. పాడుకున్నవాడు దొరికితే అతని దగ్గరా క్లోజింగ్ ఖర్చులు గుంజుతాయి. దొరక్కపోతే చిల్లిగవ్వ లేని ఏదో ఎల్ఎల్‌సీ పేరిట డీడ్ రాసేసి తప్పుకుంటాయి. ఆ ఎల్ఎల్‌సీ ఫీజు కట్టదు. రిసార్టు ఆ బదిలీని ఒప్పుకోకపోతే భారం మళ్లీ పాత యజమాని నెత్తినే.

కొనేవాడి తిప్పలు వేరు. పాత బకాయిలు ఉండొచ్చు, ఈ ఏటి వారం అప్పటికే వాడేసి ఉండొచ్చు, అమ్ముతున్నవాడు అసలు యజమానే కాకపోవచ్చు. ఈబే మనీ బ్యాక్ గ్యారంటీ స్థిరాస్తికి వర్తించదు. అందుకే డబ్బు పంపకముందే అమ్మేవాణ్ని రిసార్టు నుంచి ఎస్టాపెల్ సర్టిఫికెట్ తెప్పించమనాలి. ఎవరి పేరున ఉంది, బాకీ ఎంత అన్నవి అందులో తేలతాయి. ఆర్లాండో ఉన్న ఆరెంజ్ కౌంటీలోనైతే కంప్ట్రోలర్ కార్యాలయం రికార్డులను ఆన్‌లైన్‌లో ఉచితంగా వెతుక్కోవచ్చు. డబ్బు మాత్రం అమ్మేవాడి ఖాతాలో కాక, మీరు విడిగా ఆరా తీసిన ఎస్క్రో సంస్థ చేతిలోనే పెట్టాలి. డిస్నీ వెకేషన్ క్లబ్ లాంటి టైమ్‌షేర్లలో ఇంకో మెలిక ఉంది: బేరం కుదిరాక అదే ధరకు తామే కొనేసుకునే హక్కు కంపెనీకి ఉంటుంది. ఆ హక్కును వదులుకుంటున్నట్టు కంపెనీ కాగితం ఇచ్చేదాకా అమ్మకం ఖాయం కాదు.