మీకు తెలుసా? తల్లి ఆహారమే బిడ్డ దేహతత్త్వమునకు పునాది

ఖరగపూర్ రైలు కాలనీలలో తరతరములుగా స్థిరపడిన తెలుగు కుటుంబములందును, కోడలు నెల తప్పెనని విన్నంతనే "ఇద్దరికి సరిపడ తినవలె"నని పెద్దలు ప్రేమతో చెప్పుచుందురు. కాని బిడ్డ భావిస్థౌల్యమును నిర్ణయించు కారణములలో ఆహారపరిమాణముతోపాటు పోషకముల సమతుల్యమును ముఖ్యమని మన దేశపు పరిశోధనలే సూచించుచున్నవి.

● హైదరాబాదు సమీపమున 29 గ్రామములలో 1987–90 నడుమ జరిగిన పరిశీలనలో, కొన్ని గ్రామముల గర్భిణులకును పసివారికిని మొక్కజొన్న-సోయా పిండితో వండిన పోషకాహారము లభించెను. ఆ బిడ్డలు 13–18 ఏండ్ల ప్రాయమున, ఇతర గ్రామములవారికంటె సుమారు 14 మిల్లీమీటర్లు పొడవుగా నుండిరి. వారి దేహములందు కొవ్వు అధికము కాలేదు, ఇన్సులిన్ నిరోధమును (ఇన్సులినునకు దేహము సరిగా స్పందింపకుండుట) తక్కువగా నుండెను.

● పూణె సమీప గ్రామములలో 1993లో డాక్టర్ యాజ్ఞిక్ బృందము ఆరంభించిన అధ్యయనమున, గర్భకాలమునందు ఫోలేటు హెచ్చుగానున్న తల్లుల బిడ్డలకు ఆరవయేట కొవ్వు అధికముగా నుండెను. ఫోలేటు హెచ్చుగానుండి బి12 విటమిను కొరవడిన తల్లుల బిడ్డలయందు ఇన్సులిన్ నిరోధము మిక్కిలిగా కనబడెను.

● అంతమాత్రమున ఫోలిక్ ఆమ్లపు (ఫోలేటు) మాత్రలను మానరాదు. శిశువు వెన్నుపాము లోపములను నివారించుటకు తోడ్పడునది ఆ ఆమ్లమే. బి12 పాలు, పెరుగు, గ్రుడ్లు, చేపలయందు లభించును.

కావున గర్భిణులారా, బి12 పరీక్షనుగూర్చి వైద్యుని అడుగుడు. మాత్రలను వారి సలహామేరకే వాడుడు.