జీడిపాకం ఎందుకు తెల్లబడుతుంది

టీవీ సీరియల్‌ను నిందించడానికి తెలుగు ఇళ్లలో వాడే మాటల్లో జీడిపాకాన్ని మించినది లేదు. బెల్లాన్ని ముదురుపాకం పట్టి, నూనె రాసిన పళ్లెంలో పోసి, చేతికి ఓర్చుకునే వేడికి రాగానే మేకుకు తగిలించి లాగుతారు, మడిచి మళ్లీ లాగుతారు; లాగినకొద్దీ గాలి సన్నని పొరలుగా లోపల చిక్కుకుని, ముదురు గోధుమరంగులో ఉన్న పాకం పాలిపోయి ఉబ్బుతుందే తప్ప, అందులోని బెల్లం పిసరంత కూడా పెరగదు. చెరకు పండే కృష్ణా డెల్టాలో, అందునా పక్కనే లక్ష్మీపురంలో చక్కెర కర్మాగారం వెలసిన చల్లపల్లి ప్రాంతంలో, ఈ పోలికను ఎవరికీ విప్పి చెప్పనక్కరలేదు. అయితే జనం విసుగుతో అనేసే ఈ మాటలో నిశితమైన సాహిత్య విమర్శ ఒకటి ఉన్నదని గుర్తించినవారు తక్కువ; ఫిర్యాదు పొడవు మీద కాదు, పొడవు పెరుగుతున్నా సరుకు పెరగకపోవడం మీద.

పొడవైన కథను సహించలేని ప్రేక్షకులు కారు ఇక్కడివారు. చల్లపల్లికి చేరువలోని కూచిపూడిలో పుట్టిన భామాకలాపాన్ని తరతరాలుగా రాత్రుళ్లు మేలుకొని చూసినవారి వారసులు వీరు. ఆ కలాపంలో జరిగే కథ నాలుగు వాక్యాలకు మించదు: సత్యభామకు గర్వం, కృష్ణుడితో కలహం, విరహంతో ఉత్తరం, చివరికి కలయిక. ముగింపు చూసేవారందరికీ ముందే తెలుసు. అయినా చెలికత్తె మాధవి ఉత్తరం పట్టుకెళ్లడానికి సవాలక్ష పేచీలు పెడుతుంటే, బహుమానంగా భామ ముక్కునున్న నగనే అడుగుతుంటే, ఆ జాప్యం ఎవరికీ విసుగు పుట్టించదు, ఎందుకంటే ఒక్కొక్క పేచీకీ భామ అహంకారం ఒక్కొక్క మెట్టు దిగుతూ ఉంటుంది. ఆలస్యమే అక్కడ అసలు సరుకు. పాత్రను మార్చే ఆలస్యం వేరు, పాత్రను ఉన్నచోటనే నిలబెట్టి కాలాన్ని మాత్రం జరిపే ఆలస్యం వేరు. ఇష్టపడిన సీరియల్ దిగజారిందని ప్రేక్షకులు బాధపడేది, మొదటిది రెండోదిగా మారిన చోటనే.

సీరియల్ అన్న మాట కూడా తెలుగువారికి టీవీతో వచ్చింది కాదు. విజయవాడ నుంచి 1984లో మొదలైన స్వాతి వంటి వారపత్రికల్లో వారం వారం నవలలు చదివి, ఆ పేజీలను జాగ్రత్తగా చించి, వరసపెట్టి బైండు చేయించి, ఇరుగుపొరుగులకు అరువిచ్చిన ఇళ్లు కృష్ణా జిల్లాలో లెక్కలేనన్ని. ఆ బైండుకు ఒక చివరి పేజీ ఉండేది. రచయిత ఒక్కరే అయినందువల్ల మొదట వేసిన ముడి ఏదో, దాన్ని ఎక్కడ విప్పాలో ఆ ఒక్కరికి తెలిసి ఉండేది. తెలుగు టీవీలో రోజువారీ ధారావాహికకు దారివేసిన దూరదర్శన్ ‘ఋతురాగాలు’ యద్దనపూడి సులోచనారాణి నవల ఆధారంగా మంజులానాయుడు దర్శకత్వంలో తయారైనది కావడం యాదృచ్ఛికం కాదు. తరువాత జెమిని టీవీలో ఆమె దర్శకత్వంలోనే ‘చక్రవాకం’, దాని వెంటనే 2008లో మొదలైన ‘మొగలిరేకులు’ వెయ్యికి పైగా భాగాల చొప్పున నడిచాయి. వాటికీ సాగదీత నింద తప్పలేదు గాని, ఇప్పటి సీరియళ్లను తిట్టేటప్పుడు పోలికకు తెచ్చేది మాత్రం ఎక్కువగా వాటినే. పాతదానిపట్ల మమకారం కొంత ఉన్నా, అందులో నిజమూ కొంత ఉంది.

ఈ నిరాశను దగ్గరగా చూడడానికి ‘కార్తీకదీపం’ కంటె తగిన ఉదాహరణ తెలుగులో దొరకదు. మలయాళంలో 2014లో మొదలైన ‘కరుత్తముత్తు’, అంటే నల్లని ముత్యం, దీనికి మూలం. అదే కథ కన్నడ, తమిళ, మరాఠీ భాషల్లోకి కూడా వెళ్లింది. తెలుగులో స్టార్ మా చానల్‌లో 2017 అక్టోబరు 16న మొదలై, సోమవారం నుంచి శనివారం దాకా రాత్రి ఏడున్నరకు వస్తూ, చాలాకాలం తెలుగు సీరియళ్లన్నిటిలో మొదటి స్థానాన నిలిచింది. ఒంటిరంగు నలుపైనందుకు అత్తగారి చేత తిరస్కారం పొందిన దీప, ఆమెను ఇష్టపడి పెళ్లాడిన డాక్టర్ కార్తీక్, అతడిని కోరుకుని అతడి మనసులో అనుమానం నాటిన మోనిత, ఆ అనుమానంతో వీధిన పడి వంటలు చేసుకుని బతుకుతూ ‘వంటలక్క’ అయిన దీప, ఒకరు తల్లి దగ్గరా ఒకరు తండ్రి ఇంటా పెరుగుతున్న కవల ఆడపిల్లలు: ముడి గట్టిది, పెళ్లిచూపుల్లో రంగును తూకం వేసే తెలుగు సమాజానికి బాగా తగిలేది. ప్రేమీ విశ్వనాథ్ ముఖానికి నలుపు పూసి దీప పాత్ర వేయించారన్న విమర్శ న్యాయమైనదే అయినా, వంటలక్క అన్న పేరు ఇంటింటి మాటగా మారడానికి కారణం ఆమె నటన.

ఆ రచన బలంగా ఉన్న రోజుల్లో అత్తగారు సౌందర్య పాత్రను గమనించాలి. కోడలి రంగు చూసి ఏవగించుకున్న మనిషి, క్రమంగా ఆ కోడలి పక్షాన నిలబడి కొడుకునే నిలదీసే స్థితికి వచ్చింది. ఆ మార్పుకు పట్టిన కాలం ప్రేక్షకులకు బరువనిపించలేదు. కార్తీక్ విషయంలో అది జరగలేదు. వైద్యుడైన మనిషి ఒక్క డీఎన్‌ఏ పరీక్షతో, అంటే బిడ్డకూ తండ్రికీ మధ్య రక్తసంబంధాన్ని తేల్చే పరీక్షతో, తీర్చుకోగల అనుమానాన్ని ఏళ్ల తరబడి మోశాడు. నిజం తెలిసినవారు నోరు తెరిచే సమయానికి ఫోను మోగడం, తలుపు చప్పుడవడం, మాట సగంలో ఉండగా చెప్పేవారు స్పృహతప్పడం నిత్యకృత్యమయ్యాయి. ఆ సగం మాటకు గదిలో ఉన్న ఒక్కొక్కరి ముఖాన్నీ మూడేసిసార్లు దగ్గరగా చూపి, ఉరుము శబ్దం జోడిస్తే ఆ రోజు భాగం గడిచిపోయేది. తుదకు ముడి విడింది. అక్కడితో కథ ధర్మంగా ముగియాలి. కానీ రంగు గురించి మొదలైన కథ మోనిత కుట్రల కథగా మారి, ఒక కుట్ర తరువాత మరొకటిగా నడిచింది. 2022లో దీప, కార్తీక్ ఇద్దరినీ కారు ప్రమాదంలో చంపి, కవలలను పెద్దవాళ్లను చేసి, పరిభాషలో లీప్ అని పిలిచే కాలపు గెంతు వేయించారు. వంటలక్క, ‘డాక్టర్ బాబు’ కార్తీక్ లేని కార్తీకదీపానికి ఆదరణ తగ్గింది. కొద్ది నెలలకే చనిపోయిన ఇద్దరూ తిరిగి వచ్చారు. 2023 జనవరిలో సీరియల్ ముగిసింది.

ఈ పతనాన్ని రచయితల అసమర్థతకు అంటగట్టడం తేలికే గాని, అంత న్యాయం కాదు. అరగంట వ్యవధిలో ప్రకటనలు, జరిగిన కథ, తరువాయి భాగం పోను కథకు మిగిలేది ఇరవై నిమిషాలు అనుకున్నా, వారానికి ఆరు భాగాలంటే రెండు గంటలు, దాదాపు ఒక సినిమా నిడివి. పదిహేను వందలకు పైగా భాగాలు నడిచిన కార్తీకదీపం మొత్తం సుమారు 500 గంటలు, అంటే రెండున్నర గంటల సినిమాలు రెండు వందలు. ఒక ముడి మీద రెండు వందల సినిమాలు రాయగల రచయిత ఏ భాషలోనూ పుట్టలేదు. పైగా కథ ఒకరిది, స్క్రీన్‌ప్లే మరొకరిది, మాటలు ఇంకొకరివి కావడం ఈ రంగంలో సాధారణం. ఏ ఒక్కరి చేతిలోనూ చివరి పేజీ ఉండదు.

ఆ చివరి పేజీ ఉండేది టీఆర్పీ అంకె దగ్గర. ఏ కార్యక్రమాన్ని ఎందరు ఎంతసేపు చూశారో తెలిపే ఈ అంకెను 2015 నుంచి బార్క్ అనే సంస్థ లెక్కగడుతోంది. చానళ్ల ప్రసార శబ్దంలో చెవికి వినపడని గుర్తు ఒకటి కలిపి ఉంటుంది. దేశం మొత్తంమీద ఎంపికచేసిన వేల ఇళ్లలోని మీటర్లు ఆ గుర్తును పట్టి, నిమిషం నిమిషానికీ లెక్క రాసుకుంటాయి. ప్రకటనల ధర ఆ అంకెను అనుసరిస్తుంది కాబట్టి, అంకె బాగున్నంతకాలం ముగింపు నష్టం, అంకె పడిపోయాక ముగింపు హడావుడి. ఇక్కడే ఒక లోపముంది. ఆ మీటరుకు ఇష్టంతో చూసిన చూపుకూ తిడుతూ చూసిన చూపుకూ తేడా తెలియదు.

తిడుతూ చూడడమే మరి ఈ నిరాశకు అసలు స్వరూపం. ఊళ్లలో పొద్దున్నే అరుగుల మీద వినిపించే మాటలు ఇలా ఉంటాయి: “ఏమైంది వదినా నిన్న? కరెంటు పోయింది.” “ఏమవుద్ది, ఇంకా మెట్ల దగ్గరే నిలబడ్డారు.” ఆ జవాబులో వెక్కిరింత ఎంతుందో, నిన్న కూడా కూర్చుని చూసిందన్న ఒప్పుకోలు అంతే ఉంది. పత్రికల్లో సినిమాకు విడుదలైన రోజునే సమీక్ష వస్తుంది గాని, అయిదేళ్లు రోజూ కోట్ల మంది ఇళ్లకు వచ్చే సీరియల్‌కు రాదు. దానికున్న విమర్శకులు ఈ వదినలూ అత్తలూ మాత్రమే, వారి విమర్శను ‘ఆడవాళ్ల కాలక్షేపం’ కింద కొట్టేయడం పరిపాటి. నిజానికి ఏ పాత్ర ఏ భాగంలో ఏ నిజం తెలుసుకుని ఏ భాగంలో మరిచిపోయిందో కథ రాసినవారికన్నా వీరికే బాగా గుర్తు.

చంపిన పాత్రను బతికించడం తెలుగువారి ఒక్కరి అపరాధమూ కాదు. అమెరికాలో ‘డాలస్’ సీరియల్ 1985లో బాబీ అనే ముఖ్యపాత్రను కారు గుద్ది చనిపోయినట్టు చూపి, ప్రేక్షకులు తగ్గడంతో 1986లో అతడిని స్నానాలగదిలోంచి నవ్వుతూ బయటికి రప్పించింది. మధ్యలో నడిచిన ఏడాది కథంతా అతడి మాజీ భార్యకు వచ్చిన కలగా తేల్చేశారు. చూసినవారి ఏడాది కూడా దానితోపాటే కలలో కలిసింది. ఇందుకు భిన్నంగా లాటిన్ అమెరికా దేశాల టెలినొవెలాలు, అంటే టీవీ నవలలు, సాధారణంగా కొన్ని నెలల్లోనే ముగింపుకు చేరేలా మొదలవుతాయి. చివరి భాగం అక్కడ పండుగలా నడుస్తుంది.

‘కార్తీకదీపం 2: ఇది నవ వసంతం’ 2024 మార్చి 25న మొదలైంది. పేర్లు దీప, కార్తీక్‌లవే, ముఖాలు ప్రేమీ విశ్వనాథ్, నిరుపమ్ పరిటాలలవే, కథ మాత్రం వేరు. ఆ పెళ్లి, ఆ కవలలు, ఏళ్ల తరబడి సాగిన ఆ అనుమానం, ఆ కారు ప్రమాదం ఏవీ జరగనట్టుగా మొదలైన ఆ కథ ముందు కూర్చోవాలంటే ప్రేక్షకుడు తన జ్ఞాపకాన్ని చెప్పులతోపాటు గుమ్మం బయట విడిచి రావాలి. కూర్చున్నవారు తక్కువేమీ కాదు.