యుద్ధం నుంచి వచ్చేసరికి అమ్మ ముసలిదైపోయింది!

స్పేస్‌షిప్పులు, లేజర్ గన్‌లు ఉన్న నవలంటే వీడియో గేమే కదా అనుకునేదాన్ని. ‘ద ఫరెవర్ వార్’ చదివాక ఆ మాట అనడం మానేశా.

రాసింది జో హాల్డెమన్. ఫిజిక్స్ చదివిన కుర్రాడిని 1967లో సైన్యంలోకి తీసుకుని వియత్నాం పంపింది అమెరికా. గాయాలతో తిరిగొచ్చాడు. 1974లో వచ్చిన ఈ నవలకి హ్యూగో, నెబ్యులా అవార్డులు రెండూ దక్కాయి.

హీరో మాండెల్లా ఎక్కడో నక్షత్రాల దగ్గర టారన్లతో పోరాడుతుంటాడు. కాంతివేగానికి దగ్గరగా వెళ్తే కాలం నెమ్మదిస్తుంది కదా! తనకి రెండేళ్లు గడిచేలోపు భూమ్మీద పాతికేళ్లు దాటిపోతాయి. ఇంటికొస్తే అమ్మ ముసలిదైపోయి ఉంటుంది. ఆ లోకంలో ఇమడలేక మళ్లీ సైన్యంలోకే పోతాడు. చివరికి తన కింది సైనికులు తనతో మాట్లాడ్డానికే పాతకాలం ఇంగ్లిష్ నేర్చుకోవాల్సి వస్తుంది!

అక్కడ ఫోన్ పక్కన పెట్టేశా. ఆర్మీలో ఉన్న మా బాబాయి లీవుకి వచ్చినప్పుడల్లా మొదటి రెండ్రోజులూ కొత్తల్లుడిలా మొహమాటంగా కూర్చునేవాడు. మేమేమో ఆటపట్టించేవాళ్లం.

హైన్‌లైన్ ‘స్టార్‌షిప్ ట్రూపర్స్’ (1959) కూడా చదివా. పవర్ సూట్లు సూపర్, లెక్చర్లే కాస్త ఎక్కువ. ఇంగ్లిష్ నవలంటే బెరుకుంటే జాన్ స్కాల్జీ ‘ఓల్డ్ మ్యాన్స్ వార్’ (2005)తో మొదలుపెట్టండి. అందులో 75 ఏళ్ల తాతయ్యలూ బామ్మలూ సైన్యంలో చేరతారు. జోకులతో చకచకా సాగిపోతుంది.

‘ఫరెవర్ వార్’ని మాత్రం రాత్రి పదింటికి తెరవకండి. నేను ముగించేసరికి పాలవాడొచ్చేశాడు.