సర్‌నేమ్ లేకుంటే వీసా రాదా?

పాస్‌పోర్టులో సర్‌నేమ్ కాలమ్ ఖాళీగా ఉంటే అమెరికా వీసా రాదన్న పుకారును ఎవరు పుట్టించారో గానీ, నమ్మినవాళ్ల జేబుకు చిల్లు పడుతోంది. శెనక్కాయ పంట చేతికి రాక పిల్లవాడి ఫీజుకే అప్పు వెతుక్కునే అనంతపురం ఇంట్లో నోటరీ అఫిడవిట్, పేపరు ప్రకటన, గెజెట్ అంటూ మరో ఖర్చు. ఒంటిపేరు పాస్‌పోర్టుల మీద 2022 నవంబరులో ఆంక్ష పెట్టింది యూఏఈ, అదీ విజిట్ వీసాల లాంటివాటికి. దుబాయ్ నిబంధనను తెచ్చి అమెరికాకు అంటగడితే ఎలా? పాస్‌పోర్టులో సర్‌నేమ్ లేకపోతే అమెరికా వీసాలో ఉన్న పేరంతా ఆ కాలమ్‌లోకి జరిపి, గివెన్ నేమ్ చోట ‘ఎఫ్ఎన్‌యూ’ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని వేస్తారు. చూడ్డానికి ఎబ్బెట్టే, కాదనను. కానీ విద్యార్థి వీసాలు ఎక్కువగా పోయేది 214(బి) సెక్షన్ కింద, అంటే చదువయ్యాక తిరిగొస్తాడన్న నమ్మకం అధికారికి కలగనప్పుడు. అందులో ఇంటిపేరు ఊసే లేదు.

‘ఎందుకైనా మంచిది, మార్చుకుంటే పోయేదేముంది?’ అంటారు. పోతుంది. పదో తరగతి మెమోలో, జేఎన్‌టీయూ డిగ్రీలో బోయ నాగరాజు, పాస్‌పోర్టులో ఇంకెవరో అయితే, ఆ ఇద్దరూ ఒక్కరేనని అడిగినచోటల్లా కాగితాలు చూపాలి. ఇక అమెరికన్ పేరు లేకపోతే క్లాసులో ఎవరూ పలకరించరన్నది ఉత్తమాట.

ఉద్యోగాల విషయంలో మాత్రం ఈ భయం పూర్తిగా వట్టిది కాదు. 2011లో వెలువడిన టొరంటో పరిశోధనలో, అర్హతలు ఒకటే అయినా ఇంగ్లిషు పేర్లున్న దరఖాస్తులకే భారతీయ, చైనా పేర్లకన్నా ఎక్కువ పిలుపులొచ్చాయి. మన అనంతపురం జిల్లా బుక్కాపురం మూలాలున్న సత్య నాదెళ్లను చూపించి వివక్షే లేదనడం కుదరదు. అయితే ఆయన తండ్రి బి.ఎన్.యుగంధర్ పేరులో ఊరూ ఇంటిపేరూ రెండూ పొడి అక్షరాలైపోగా, 1988లో అమెరికా చదువుకు వెళ్లిన కొడుకు అదే ఇంటిపేరును చివర పెట్టుకుని మైక్రోసాఫ్ట్ సీఈఓ అయ్యాడు. పిలవడానికి పొట్టిపేరు కావాలంటే పెట్టుకోండి, చాలా యూనివర్సిటీలు దాన్ని విడిగా నమోదు చేస్తాయి. కాగితాల జోలికి మాత్రం పోకండి. పాస్‌పోర్టు ఇంకా తీసుకోనివాళ్లు ఇనీషియల్ విప్పి, ఇంటిపేరు సర్‌నేమ్ కాలమ్‌లో, సొంత పేరు గివెన్ నేమ్ కాలమ్‌లో రాయండి. తీసుకున్నవాళ్లు యూనివర్సిటీ ఇచ్చే ఐ-20, వీసా దరఖాస్తు డీఎస్-160, విమానం టికెట్టు మూడింట్లోనూ పాస్‌పోర్టులో ఉన్న స్పెల్లింగే ఉందో లేదో అక్షరం అక్షరం సరిచూసుకోండి. ఎఫ్ఎన్‌యూ మరీ ఇబ్బందనిపిస్తే ఐ-20 రాకముందే పాస్‌పోర్టులో ఉన్న పేరునే రెండు కాలమ్‌లకు విడదీయించుకోండి.